ఓడినోళ్లే చెప్పాలె

మా బిడ్డ పోయిందన్న ఫోను వచ్చినప్పుడు నేను చారు క్యారియర్ల పోస్తున్న.

జరమొచ్చి ఆరు రోజులు. దవాఖానల పండుకున్న పిల్ల ఆ పొద్దున వాళ్ల నాయనతోని, "అమ్మను మిరియాల చారు పెట్టుమను, పలచగ" అన్నదట. ఆ మాట వినంగనే నాకు పానం లేచొచ్చింది. నోరు అడిగిందంటే జరం దిగినట్టే అనుకున్న. ఆటో ఎక్కి మెట్టుగూడల మా కిరాయి ఇంటికొచ్చి మిరియాలు దంచిన, చారు పెట్టిన. గూట్లె పెట్టిన దాని సెల్‌ఫోన్ మోగింది. పచ్చ గుండీ నొక్కాలని నాకు నేర్పింది అదే. నొక్కిన. దవాఖాన గేటు కాడి రూపాయి డబ్బా నుంచి మా ఆయన.

"పోయిందే" అన్నడు.

"ఎక్కడికి?" అని అడిగిన నేను.

ఆయన జవాబు చెప్పేలోపల రూపాయి అయిపోయింది, ఫోను కట్టయింది. ఆ ఫోను చేతిల పట్టుకొని, చారు చల్లారిపోతదని క్యారియర్ మూత గట్టిగ బిగించిన. ఆ పని ఎందుకు చేసిన్నో నాకు ఇప్పటికి తెల్వదు.

నేను ఐదో తరగతి దాక చదివినదాన్ని. ఉత్తరాలు తప్ప ఏం రాసి ఎరుగ. మా బిడ్డ గేమ్స్ టీచరుగ పనిచేసిన బోయిన్‌పల్లి బడి పెద్ద మేడమ్ ఇంటికొచ్చి, "పిల్లల పోటీకి చిన్న పుస్తకం వేస్తున్నమమ్మా, మీ బిడ్డ గురించి మీరే రాయాలె" అంటే ముందుగాల వద్దన్న. దాని గురించి మంచి రాసేటోళ్లు చానామంది ఉన్నరు. నేను రాస్తే నా సంగతి బయటపెట్టుకోవాలె. నాలుగు రోజులు ఆలోచించిన. రాసుడే మంచిదనిపించింది.

మేము అప్పుడు లాలాగూడ రైల్వే క్వార్టర్లల ఉండేటోళ్లం. మా ఆయన వర్క్‌షాపుల ఫిట్టరు. క్వార్టర్ల ఎనుక సిమెంటు గచ్చు మీద బాస్కెట్‌బాల్ కోర్టు ఉండేది. రెండు రింగులు, జాలి మాత్రం ఒక్కదానికే. వర్క్‌షాపుల క్లర్కు పని చేసే సారు ఒకాయన డ్యూటీ దిగినంక కాలనీ ఆడపిల్లలకు ఆట నేర్పేటోడు. మెడల ఒక విజిలు, చేతిల ఒక గొడుగు, అంతే ఆయన సామాను. మా బిడ్డ ఏడో తరగతిల ఉన్నప్పుడు "చూసొస్త" అని ఆ కోర్టుకు పోయింది. ఇగ దాన్ని ఇంట్ల పట్టుకునుడు కాలే.

టీముల అందరికంటె పొట్టిది అది. అందుకేనేమో, ఇంట్ల నుంచి బయటికి పోయేటప్పుడల్ల ఎగిరి దర్వాజ మీది పట్టెను వేళ్లతోని ముట్టేది. ముట్టి ముట్టి ఆడ నాలుగు వేళ్ల నల్ల మచ్చ పడ్డది. సున్నమేసేటోడు వచ్చి తల పైకెత్తి చూసి, "ఇదేందమ్మా, దయ్యం చెయ్యి లెక్కున్నది?" అని అడిగిండు.

"మా బిడ్డ చెయ్యి" అన్న.

"రెండు ఒకటే" అన్నడు మా ఆయన, పేపరు చాటు నుంచి.

వంటింట్ల దానికి ఇంకో అలవాటుండె. నేను పొయ్యి కాడ నిలబడి చెయ్యి ఎనుకకు చాపితే ఏది కావాల్నో అది చేతిలకు వచ్చేది. గంటె అంటే గంటె, మూత అంటే మూత. నోరు తెరిచి అడిగేది లేకుండె. ఒకపారి అది ఉల్లిగడ్డ విసిరితే నేను తిరిగి చూడకుండనే పట్టిన. "అమ్మా, నువ్వు మా టీముల ఉండాల్సినదానివి" అని కడుపు పట్టుకొని నవ్వింది. కాలనీల నా పులిహోరకు పేరు. ఎవరింట్ల వ్రతమైనా నన్నే పిలిచేటోళ్లు. చింతపండు పిసికిందెవరు, పల్లీలు మాడకుండ ఏంచిందెవరు, అన్నం ఆరబోసిందెవరు అని ఎవరు అడగలే. నేను సుత చెప్పలే. "అబ్బ, నీ చేతిల ఏమున్నదో అక్కా" అంటే నవ్వి ఊకునేదాన్ని.

ఎండకాలం సెలవులల్ల కాలనీల పోటీ పెట్టేటోళ్లు. పెద్ద కప్పు టీముకు. ఇంకో చిన్న కప్పు బెస్ట్ ప్లేయర్‌కు. ఆ చిన్న కప్పును రిటైరైన టర్నర్ తాత ఒకాయన ఇత్తడి కొనుక్కొచ్చి తన షెడ్డుల లేత్ మిషను మీద తనే తిప్పి చేసేటోడు. గిలాసకంటె జెర పెద్దది, చెంబుకంటె చిన్నది. మీద 'బెస్ట్ ప్లేయర్' అని చెక్కి ఉంటది.

అది ఎవరికియ్యాలె అన్నదానికి సారు ఒక పద్ధతి పెట్టిండు. "ఓడినోళ్లే చెప్పాలె" అనేటోడు. గెలిచినోళ్లను అడిగితే దోస్తు పేరు చెప్తరు. చూసేటోళ్లను అడిగితే బుట్టల వేసినోళ్ల పేరు చెప్తరు. దెబ్బ ఎక్కడ తాకిందో తిన్నోళ్లకే తెలుస్తదని ఆయన మాట. ఫైనల్ అయిపోంగనే ఓడిన టీము కెప్టెన్ బెంచి కాడికొచ్చి ఒక నంబరు చెప్పాలె. ఆ నంబరుకే కప్పు.

ఆ బెంచి మీద నేను సుత కూసునేదాన్ని. మొదట్ల చాయ్ పోయనీకె పోయేదాన్ని. మ్యాచ్ మొత్తం కదలకుండ కూసునేది నేనొక్కదాన్నే అని సారు నా చేతికి ఒక నోటుబుక్కు ఇచ్చిండు. ఏ నంబరు పిల్ల బంతిని బుట్టల వేస్తె ఆ నంబరు కింద ఒక గీత. నాలుగు నిలువుగ, ఐదోది అడ్డంగ. మస్తు గర్వమనిపించేది నాకు. పెద్ద చదువు లేని దాని చేతిల పుస్తకం, పెద్దమనుషులు వంగి చూసి పోతున్నరు.

ఆట మాత్రం నాకు సమజ్ కాకపోయేది. బంతి ఏడ ఉంటే నా కండ్లు ఆడ. మా బిడ్డ ఒకపారి చెప్పింది: "బంతి పట్టుకున్నోళ్లను అందరు చూస్తరమ్మా. బంతి లేనోళ్లను చూడు, అప్పుడు ఆట సమజయితది."

"బంతి లేనోళ్లను చూస్తే గీత ఎవరు గీస్తరే?" అన్న.

ఇది మా బిడ్డ డిగ్రీ చివరి ఏడు చదువుతున్నప్పటి సంగతి. ఆ ఏడు కాలనీ టీముకు ఎదురులేకుండె. ముగ్గురు పిల్లలు జిల్లాకు ఆడినోళ్లు. అందరికంటె పొడుగు సునీత, మా ఎనుక లైన్ల ఉండేటోళ్ల పిల్ల. రింగు కింద నిలబడి చెయ్యి లేపిందంటే బంతి దానంతట అదే బుట్టలకు పోయినట్టుండేది. ఫైనల్‌ల ఒక కాన్వెంటు టీము మీద గెలిచిండ్రు. నా పుస్తకంల సునీత కింద పదకొండు గీతలు. ఏడో నంబరు కింద మూడు. ఏడో నంబరు మా బిడ్డ.

ఓడిన పిల్లల కెప్టెన్ మోకాలికి పట్టీ కట్టుకొని కుంటుకుంట బెంచి కాడికొచ్చింది.

"ఏడో నంబరక్క" అన్నది.

టర్నర్ తాత కప్పును తొడ మీద పెట్టుకొని కూసున్నడు. "సరిగ్గ చూసి చెప్పు బిడ్డా. బుట్టలు వేసింది గా పొడుగు పిల్ల గద."

"పొడుగక్కను ఆపనీకె ఇద్దరిద్దరం పోయినం తాతా. పోయినప్పుడల్ల ఏడో నంబరక్క బంతి ఇంకోదిక్కు పంపింది. అటు ఉరికితే మళ్ల పొడుగక్కకు పంపింది. ఎవరిని పట్టుకోవాల్నో మాకు సమజ్ కానియ్యలే."

"పక్కన అందరు జిల్లా ప్లేయర్లుంటే ఎటు పంపినా బుట్టల పడ్తది. అండ్ల ఈ పిల్ల గొప్పేముంది?" అన్నడు తాత.

సారు నవ్విండు. "ఆ మాట పొడుగు పిల్లకు సుత వస్తది గద తాతా. పంపేటోళ్లు పక్కన ఉంటేనే గద ఆమె వేసింది?"

ఇద్దరు నా దిక్కు చూసిండ్రు. పుస్తకం నా చేతిల ఉన్నది.

అప్పుడు నేనన్న మాట ఇది. నవ్వుకుంట అన్న: "అయ్యో, ఏడో నంబరా! అది నా బిడ్డనే సారూ. నా గీతలల్ల దానివి మూడే. పక్కన గట్ల ఏనుగులసోంటి పిల్లలుంటే ఎవరైనా గెలుస్తరు. దాని జాగల కరెంటు స్తంభాన్ని నిలబెట్టినా గెలుస్తది."

బెంచి మీద అందరు నవ్విండ్రు. "తల్లే అట్లంటుంటే మనదేముంది" అన్నడు తాత. సారు జెరసేపు విజిలు తాడు వేలికి చుట్టుకుంట నిలబడ్డడు. కప్పు సునీతకు ఇచ్చిండ్రు. అందరికంటె గట్టిగ చప్పట్లు కొట్టింది మా బిడ్డ.

మా తాన ఒక అలవాటుంటది. నలుగురిల కన్నబిడ్డను పొగడం. ఎవరన్న "పిలగాడు బొద్దుగున్నడు" అంటే "ఏడ బొద్దు, నిన్నటి దాక విరేచనాలు" అంటం. దిష్టి తగుల్తదని భయం. అందరు తల్లులు చేసేదే. నేను సుత అదే చేసినన్న ధీమాతోని ఇంటికొచ్చిన.

అది స్నానం చేసి వచ్చి గడప కాడ నిలబడ్డది. "అమ్మా, నన్ను స్తంభమన్నవట?"

"ఎవరు చెప్పిండ్రే?"

"బెంచి మీద పదిమంది ఉన్నరు. పదకొండు మంది చెప్పిండ్రు."

"దిష్టి తగుల్తదని అన్ననే పిచ్చిదానా."

"అట్లనా? అయితే దిష్టి తియ్యి. ఈడనే నిలబడ్త" అన్నది. చేతులు కట్టుకొని బుద్ధిగ నిలబడ్డది, చిన్నప్పుడు నిలబడ్డట్టు.

"పోవే, పొద్దటి నుంచి కూసొని కాళ్లు గుంజుతున్నయి" అన్న.

కొంచెంసేపు అట్లనే నిలబడి లోపలికి పోయింది. ఇంట్ల ఉప్పున్నది, ఎండు మిరపకాయలున్నయి. రెండు నిమిషాల పని. నిజంగ నాది దిష్టి భయమే అయితే ఉప్పు తిప్పకుండ ఊకుంటనా? దానికి అది తెలిసింది. నాకు సుత తెలిసింది. నేనన్నది దిష్టికి కాదు. నాకు నిజంగనే గట్లనిపించింది.

ఆ రోజులల్ల ఎవరింట్ల చూసినా కంప్యూటరు ముచ్చటే. అమీర్‌పేట్ల కోర్సు చేసిన పిల్లలకు నౌకర్లు ఊకనే వస్తున్నయి. సునీతకు హైటెక్ సిటీ కంపెనీల వచ్చింది. తెల్ల సుమో ఇంటి ముంగటికొచ్చి తీస్కపోయేది, క్వార్టర్లల పిల్లలు దాని ఎనుక ఉరికేటోళ్లు. మా బిడ్డ బోయిన్‌పల్లి కూరగాయల మార్కెటు ఎనుక చిన్న బడిల గేమ్స్ టీచరయింది.

"నీకు సుమో రాదా?" అని అడిగిన ఒకనాడు, మనసుల మంట దాచుకోకుండ.

"టమాటల లారీ వస్తదమ్మా. ఎక్కుమంటవా?"

మార్కెట్ల మూటలు మోసేటోళ్ల పిల్లలు, కూరగాయలు అమ్మేటోళ్ల పిల్లలు ఆ బడికి వచ్చేటోళ్లు. బూట్లు లేవు. బంతి ఒక్కటే. ఒక పిల్ల అయితే బంతి తన దిక్కు వస్తే కండ్లు మూసుకునేదట. అన్నం తినుకుంట ఆ పిల్ల ముచ్చట చెప్పేది మా బిడ్డ. "కండ్లు మూసినా చేతులు చాపుతదమ్మా. అది చాలు. మిగతాది వస్తది."

మరుసటేడు ఎండకాలం పోటీకి కాలనీ టీముల కాదు, ఆ పిల్లలతోని ఆడుత అన్నది. ఎవరైనా ఆడొచ్చు ఆ పోటీల. సారు సరే అన్నడు. నేను మాత్రం నెత్తి కొట్టుకున్న. "గెలిచే టీము ఇడిచిపెట్టి గా మార్కెటు పిల్లలతోనా? నీకేమన్న అయిందా?"

"పక్కన ఏనుగులు లేకుంటే నేనేందో చూద్దం అమ్మా" అన్నది. నవ్వుకుంటనే అన్నది. ఏడాది సంది ఆ మాట దాని లోపల ఉన్నదని నాకప్పుడు సమజయింది.

రెండు మ్యాచులు ఆడి రెండు ఓడిండ్రు. నేను బెంచి మీదనే ఉన్న. రెండో మ్యాచ్‌ల ఏడో నంబరు కింద తొమ్మిది గీతలు. మిగతా పిల్లలందరి కింద కలిపి రెండు. మ్యాచ్ అయినంక పిల్లలందరికి నీళ్లు తాగిపిచ్చి, బిందె అడుగున మిగిలింది అది తాగింది. గెలిచినా ఓడినా అంతే, అందరి తర్వాతనే తాగేది.

క్వార్టరుకు నడుసుకుంట వస్తున్నం. నా నోరు ఊకుంటదా?

"చూసినవా? పక్కన ఎవరు లేకుంటే నీ సంగతేందో బయటపడ్డది."

అది ఆగింది. బంతిని ఒక చేతిల నుంచి ఇంకో చేతిలకు మార్చుకున్నది. "పోయినేడు గెలిచినం. గీతలు తక్కువ అన్నవు. ఈయేడు గీతలు ఎక్కువున్నయి. ఓడినవు అంటున్నవు. గెలిస్తే వాళ్ల గొప్ప, ఓడితే నా తప్పా అమ్మా? ఏదో ఒక్క లెక్క చెప్పు. దాని ప్రకారమే ఆడుత."

"మాటకు మాట చెప్పకు. నడువు" అన్న.

ఇది ఆట ముచ్చట ఒక్కటే అయితే ఇంత రాయకపోదును. ఇంట్ల సుత నా లెక్క గదే. మా ఆయనకు కామెర్లొచ్చి తగ్గితే పసరు మందిచ్చినాయన చెయ్యి మంచిదని ఊరంత చెప్పిన. నెల రోజులు ఉప్పుకారం లేని వంట విడిగ వండి, దగ్గర కూసొని తినిపిచ్చింది మా బిడ్డ. అదే ఏడు పండుగనాడు గ్యాసు బుడ్డి అయిపోతే, "నీ పుణ్యమే" అన్న. మంచి జరిగితే చుట్టుపక్కల ఎవరున్నరో వెతికేదాన్ని. చెడ్డ జరిగితే అది ఒక్కతే కనపడేది.

ఆ ఎండకాలం కాలనీ టీము సుత సెమీఫైనల్‌లనే ఓడిపోయింది. వారం తర్వాత ఒక ఆదివారం పొద్దున సారు, సునీత మా ఇంటికొచ్చిండ్రు. మా బిడ్డ బడి పిల్లల కాడికి పోయింది. సునీత చేతిసంచిల నుంచి ఇత్తడి కప్పు తీసి నా ముంగట పెట్టింది.

"ఆంటీ, ఈసారి అదే టీము. అదే జిల్లా ప్లేయర్లు. అది ఒక్కతే లేదు. నాకు బాల్ రానే రాలే. వచ్చినా లేట్‌గ వచ్చింది. చెయ్యి లేపి నిలబడ్డ, నిలబడే ఉన్న. మీరన్న కరెంటు స్తంభం నేనే ఆంటీ" అన్నది. నవ్వబోయింది గని కండ్లల్ల నీళ్లొచ్చినయి. "ఈ కప్పు దానిది. నేనిస్తే నవ్వి పడేస్తది. మీరియ్యండి, తీస్కుంటది."

సారు కూసోలే. దర్వాజ కాడనే నిలబడి మీద ఉన్న నాలుగు వేళ్ల మచ్చను చూసిండు. "అమ్మా, ఆ రోజు నీ మాట పట్టుకొని నేను నా పద్ధతి తప్పిన. గలత్ నాది. నీ పుస్తకంల బంతి బుట్టల పడ్డది ఉంటది. ఎవరి చేతిల నుంచి వచ్చిందో ఉండదు. ఆ గీత గీయమని నేను నీకెన్నడు చెప్పలే. బిడ్డకు జెర చెప్పు. ఆ కప్పు ఏడో నంబరుదే అని సారు అన్నడని చెప్పు."

"చెప్త సారూ" అన్న. ఇద్దరికి చాయ్ పోసిన.

చెప్పలే.

ఆ సాయంత్రమే ఇద్దామనుకున్న. అది పిల్లల కాడి నుంచి వచ్చి, "అమ్మా, కండ్లు మూసుకునే పిల్ల ఇయ్యాల ఒక కన్ను తెరిచింది" అని సంబురంగ చెప్తుంటే మాట నోట్లనే ఉండిపోయింది. కప్పు ఇస్తే, ఆ రోజు నేను గలత్ అన్న అని సుత చెప్పాలె. కన్నతల్లి బిడ్డ ముంగట తప్పు ఒప్పుకునుడేంది అనిపించింది. దసరాకిద్దాం అనుకున్న. దసరా పోయింది. దాని పుట్టినరోజుకు అనుకున్న. అదీ పోయింది. తర్వాత, ఇన్ని రోజులు ఎందుకియ్యలే అని అడిగితే ఏం చెప్పాలె అన్న సిగ్గు. మొదటి సిగ్గు మీద రెండోది. కప్పును పాత జాకెట్టు గుడ్డల చుట్టి, నా పెండ్లి నాటి పెట్టెల, పట్టుచీర కింద పెట్టిన.

ఆరేండ్లు గడిచినయి. మా ఆయన రిటైరైతే క్వార్టరు ఖాళీ చేసి మెట్టుగూడకు వచ్చినం. పెట్టె సుత మాతోనే వచ్చింది. కొత్త ఇంటి దర్వాజ ఎత్తు. మా బిడ్డకు అందలే. అయినా పోయేటప్పుడల్ల ఎగిరేది. పెండ్లి మాటెత్తితే, "ఈ ఒక్క మ్యాచ్ కానియ్యి" అనేది. నాలుగో ఏడు మార్కెటు పిల్లలు మొదటిసారి ఒక మ్యాచ్ గెలిచిండ్రు. జిలేబీ పొట్లం పట్టుకొని ఇంటికొచ్చింది. "నువ్వెన్ని వేసినవే?" అని అడిగిన.

"ఒక్కటే అమ్మా" అన్నది. దాని మొకం ఎట్ల వెలిగిందంటే, తొమ్మిది వేసిననాడు సుత గట్ల వెలుగలే. "కండ్లు మూసుకునే పిల్ల ఐదు వేసింది."

ఆ ఘడియ కంటె మంచి ఘడియ దొరుకుతదా? పెట్టె నాలుగడుగుల దూరంల ఉన్నది. నేను జిలేబీ తిన్న.

పదకొండో దినం కర్మకు పట్టు పంచె కావాలని అయ్యగారు అడిగితే పెట్టె తెరిచిన. పంచె తీయబోతే చేతికి మూట తాకింది. నా జాకెట్టు గుడ్డనే. కాని ఉతికి ఉన్నది. విప్పిన. ఇత్తడి నాలుగు నెలలు తోమకుంటే నల్లబడ్తది. ఆరేండ్లంటే మసిబొగ్గు లెక్క ఉండాలె. ఆ కప్పు నిన్న లేత్ మీది నుంచి దిగినట్టు మెరుస్తున్నది. చెక్కిన అచ్చరాల సందుల ఎండిన చింతపండు పీచు ఇరుక్కొని ఉన్నది.

బట్టలకు పురుగు పట్టకుండ డాంబర్ గోలీలు వేయనీకె ఏడాదికోసారి ఆ పెట్టె తెరిచేది మా బిడ్డనే. ఆ సంగతి నాకు తెల్వదా? తెల్సు. తెల్సే అండ్ల పెట్టిన. అదే చూసి అదే తీసుకుంటే నా నోరు తెరిచే పని ఉండదనుకున్ననేమో. అది చూసింది. తోమింది. మళ్ల అదే గుడ్డల చుట్టి ఉన్నకాడనే పెట్టింది. ఎన్నిసార్లు చేసిందో. ఒక్కనాడు "అమ్మా, ఇదేంది?" అని అడగలే. నేనిస్తనని ఎదురుచూసింది.

అయ్యగారు బయట నుంచి, "పంచె దొరికిందా అమ్మా?" అని పిలుస్తున్నడు. నేను కప్పును కడుపుకు పట్టుకొని పెట్టె కాడనే కూలబడ్డ.

ఇప్పుడు వంట చేస్తున్నప్పుడు అలవాటు కొద్ది చెయ్యి ఎనుకకు చాపుత. చెయ్యి అట్లనే ఉంటది. మొన్న పక్కింటోళ్లు వ్రతానికి పులిహోర చేయమంటే చేసిన. అన్నం ముద్దయింది, పల్లీలు మాడినయి. "పాపం, దుఃఖంల ఉన్నది" అనుకున్నరు. కాదు. నా పులిహోర ఎప్పుడు గంతే. మీరు తిన్నది నా బిడ్డ చేతి పులిహోర.

పోయిన వారం ఆ కప్పు సంచిల పెట్టుకొని బోయిన్‌పల్లి బడికి పోయిన. ఎండ జెర వంగింది. మార్కెటు దిక్కు నుంచి కొత్తిమీర, కుళ్లిన టమాటల వాసన. పిల్లలు ఆడుతున్నరు. నన్ను చూసి ఆట ఆపి బెంచి మీద వరసగ కూసున్నరు. వాళ్లకు నేను టీచర్ వాళ్ల అమ్మను, అంతే. నేనేం చేసిన్నో తెల్వదు. చెప్పిన. స్తంభమన్నది, ఉప్పు తిప్పనిది, సారు మాట చెప్పనిది, కప్పు దాచింది, అన్ని చెప్పిన. నా గొంతు నాకే కొత్తగ వినపడ్డది.

"మీ టీచర్‌కు ఆట నేర్పిన సారు ఒక మాట చెప్పేటోడు బిడ్డా. బెస్ట్ ప్లేయర్ ఎవరో ఓడినోళ్లే చెప్పాలె అని. ఓడింది నేను. ఏడో నంబరు" అన్న.

ఒకప్పుడు కండ్లు మూసుకునే పిల్ల, ఇప్పుడు నా అంత ఎత్తున్నది, కప్పును చేతిల పట్టుకొని తిప్పి చూసింది. "అమ్మమ్మా, గిది బీరువాల పెట్టాల్నా, నీళ్లు తాగాల్నా?"

"దాచింది చాలు. తాగుండ్రి" అన్న.

బిందెల ముంచి నింపింది. ఒక్కొక్క పిల్ల రెండేసి గుక్కలు తాగి, పక్కకు చూడకుండనే చెయ్యి చాపి ఇచ్చింది. పక్క పిల్ల చూడకుండనే అందుకున్నది. నేను వంటింట్ల ఇరవై ఏండ్లు అందుకున్నట్టు. కప్పు బెంచి ఆఖరుకు వచ్చేటాలకు అడుగున గుక్కెడు నీళ్లు మిగిలినయి. ఆఖరి పిల్ల మూతి తుడుచుకొని, కప్పును తన పక్కన ఖాళీ జాగల పెట్టి కోర్టులకు ఉరికింది. ఆట మళ్ల షురూ అయింది. బంతి గచ్చు మీద పడ్డప్పుడల్ల కప్పుల ఆ గుక్కెడు నీళ్లు వణుకుతున్నయి.